కాడ్వాలడర్ వాష్‌బర్ను మహాశయుని చరిత్రము

వర్తకమువలన ధనము గడించినవారి చరిత్రములు వ్రాయుట సులభము, చదువుట కష్టము. ఏలయనగా, అట్టి చరిత్రములందు బాల్యమున దారిద్ర్యము, యౌవనమున శ్రమము, వార్ధకమున దానధర్మములు నను మూడు మెట్లు మాత్రమే కానవచ్చును. నడుమ ఆ ధనమెట్లు వచ్చెనో, ఏ యంత్రమెట్లు తిరిగెనో, ఎవరి చెమట ఎవరి ప్రాణము అందు కలసెనో సాధారణముగా నుండదు. మన సంఘీయులలో ననేకులు రైలుస్టేషనుల ప్రక్కన వడ్లమరలను, పిండిమరలను, నూనెమరలను నడపినవారును నడపుచున్నవారును గలరు. గూడ్సుబండి వచ్చి నిలిచినప్పటి సందడి, బస్తాల లెక్క, హమాలీల కేకలు, మరలోపల గాలియందు తేలియాడు దుమ్ము వారికి మేము వర్ణించి చెప్పనక్కఱలేదు. అట్టి చదువరుల కొఱకే మేము ఈ సంచికయందు, అమెరికాదేశమున మినియాపొలిసు నగరమందు మిస్సిసిప్పీ మహానది యొడ్డున రైలుపట్టాల నానుకొని, ఆ దేశమున కంతకును పెద్దదని పేరుగన్న గోధుమమరను నిలిపిన కాడ్వాలడర్ కోల్డెన్ వాష్‌బర్ను మహాశయుని చరిత్రమును వ్రాయబూనితిమి. ఆయన మనవాడు కాడు, మన దేశమువాడును కాడు. ఐనను వర్తకునకు వర్తకుని కష్టసుఖములు తెలియును గదా!

ఈయన 1818వ సంవత్సరము ఏప్రిలు నెల 22వ తేదీని, అమెరికా ఈశాన్యభాగమునందలి మెయిన్ ప్రాంతమున లివర్మోరు అను పల్లెయందు జన్మించెను. తండ్రి పేరు ఇజ్రాయెల్ వాష్‌బర్ను, తల్లి పేరు మార్తా. తండ్రికి ఆ పల్లెలో ఒక చిల్లర దుకాణమును కొంత వ్యవసాయమును గలవు. సంతానము పెద్దది. 1829వ సంవత్సరమున ఆ దుకాణము దివాలా తీయగా కుటుంబము మిక్కిలి యిబ్బందులకు లోనయ్యెను. అప్పటికి కాడ్వాలడరునకు పదునొకండేండ్లు. అన్నదమ్ములందఱును బాల్యముననే పరుల పొలములందును దుకాణములందును పనిచేసి పొట్ట పోసికొనవలసివచ్చెను. ఆ యప్పులవాని బిడ్డలలో నలువురు నాలుగు వేర్వేఱు రాష్ట్రముల పక్షమున అమెరికా ప్రతినిధిసభలో కూర్చుండిరి. ఇద్దఱు గవర్నరులైరి. ఒకడు ఫ్రాన్సుదేశమున రాయబారిగా నుండి, పారిసు నగరమును శత్రువులు ముట్టడించినప్పుడు సయితము స్థానము విడువక నిలిచెను. 1855 మొదలు 1861 వఱకు ముగ్గురు సోదరులు ఒకే సభయందు ఒకేకాలమున సభ్యులై యుండిరి. ఒక దివాలా దుకాణమునుండి ఇందఱు పుట్టుకొని వచ్చుట మాకు వింతగా దోచును. దీనికి కారణము తల్లి మార్తా యొక్క పట్టుదలయే యని ఆ కుటుంబ చరిత్రకారులు తఱచు చెప్పుదురు.

1839లో ఆయన ఇల్లు విడిచి పడమటికి ప్రయాణమయ్యెను. ఆ కాలమున పడమటి సీమ యనగా నూతనముగా జనులు కాపురములేర్పఱచుకొనుచుండిన అయోవా, ఇల్లినాయి, విస్కాన్సిన్ ప్రాంతములు. ఆయన అచ్చట కొన్నాళ్లు బడిపంతులుగాను, కొన్నాళ్లు దుకాణపు గుమాస్తాగాను, కొన్నాళ్లు భూములు కొలుచు సర్వేయరుగాను పనిచేసి, తీఱిక వేళల న్యాయశాస్త్రము చదివి, 1842లో వకీలు పట్టా పుచ్చుకొని సీసపు గనులకు ప్రసిద్ధమైన మినరల్ పాయింటు అను నూరు చేరెను. 1844లో సైరస్ వుడ్‌మన్ అను నాతనితో భాగస్వామ్యము కుదుర్చుకొనెను. ప్రభుత్వ భూములను కొని అమ్ముట, దేవదారు అడవులను సంపాదించుట, వ్యవసాయదారులకు అప్పులిచ్చుట, పిదప ఒక బ్యాంకు నడపుట వీరి వ్యాపారములు. 1855లో ఇరువురును కలహమేమియు లేకుండ విడిపోయినప్పుడు, బ్యాంకునందు సొమ్ము దాచినవారికి ఒక్క కాసైన తగ్గింపక చెల్లించి తలుపులు మూసిరి. ఆనాటి అమెరికాలో పడమటి బ్యాంకులు నేడు పుట్టి ఱేపు గిట్టునవియై యుండెను. కావున ఈ సంగతిని మేము ప్రత్యేకముగా పేర్కొనుచున్నాము.

వకీలుగా నున్నను, శాసనసభ్యుడుగా నున్నను ఆయన దృష్టి ఎల్లప్పుడును భూమిమీదను నీటిమీదను నుండెడిది. మిస్సిసిప్పీ నది తన సుదీర్ఘమైన ప్రవాహమునందెల్ల నిజమైన పెద్ద జలపాతమై దుముకునది ఒక్కచోటనే. దానికి తెల్లవారు పెట్టిన పేరు సెయింటు ఆంథొనీ జలపాతము. అది డకోటా జాతివారికి బహుకాలమునుండి పవిత్రస్థలము. వారి భూములు ఒడంబడికల పేర చేతులు మాఱిన పిదపనే యంత్రములవారు అచ్చట ప్రవేశించిరనుట మఱవరాదు. వాష్‌బర్ను ఆ జలపాతపు పడమటి యొడ్డున హక్కులు సంపాదించి, 1856లో మఱికొందఱితో గూడి మినియాపొలిసు మిల్లు కంపెనీని స్థాపించెను. మఱుసటి సంవత్సరము తమ్ముడు విలియమును అచ్చటికి రప్పించి కార్యదర్శిగా నియమించెను. ఈ కంపెనీ చేసిన పని యేమనగా, జలపాతమునకు పైభాగముననే నీటిని మలచి వీథి వెంబడి ఒక కాలువ త్రవ్వి, ఆ కాలువ కిరుప్రక్కల మరలు కట్టుకొనువారికి నీటిబలమును కొలతవేసి కౌలుకిచ్చుట. నీరు కాలువనుండి మర క్రిందనున్న గోతిలో దుమికి టర్బైను చక్రమును త్రిప్పి, సొరంగముగుండ మరల నదిలో గలియును. మన డెల్టాలయందు కాలువనీరు పొలమునకు వచ్చినట్లు అచ్చట కాలువనీరు యంత్రమునకు వచ్చుచుండెను. మొదటి పది పదునైదేండ్లు ఈ కంపెనీకి లాభము కంటె అప్పులే యెక్కువ. 1857వ సంవత్సరపు ఆర్థిక సంక్షోభమున అనేకులు విడిచి పాఱిపోయినను, వాష్‌బర్ను తన సొంత సొమ్ము పోసి నిలువబెట్టెను.

రాజకీయములను గూర్చి ముక్తసరిగా చెప్పెదము. 1855 మొదలు 1861 వఱకును, తిరిగి 1867 మొదలు 1871 వఱకును ఆయన విస్కాన్సిన్ పక్షమున ప్రతినిధిసభలో సభ్యుడుగా నుండెను. బానిసత్వము నూతన ప్రాంతములకు వ్యాపించుటను ఆయన తుదివఱకును ఎదిర్చెను. అంతర్యుద్ధము రాగా అశ్వికదళమునకు కర్నలుగా చేరి, మేజరు జనరలు పదవివఱకు నెదిగి, విక్స్‌బర్గు ముట్టడియందు పాల్గొనెను. 1864 ఆగస్టు 21వ తేదీ వేకువను శత్రుసేనాని ఫారెస్టు మెంఫిసు నగరముపై అకస్మాత్తుగా పడినప్పుడు, అచ్చటి సేనలకు నాయకుడైన వాష్‌బర్ను పడకనుండి లేచి రాత్రిదుస్తులతోనే కోటకు పరుగెత్తవలసివచ్చెను. ఆయన యూనిఫారమును శత్రువులు పట్టుకొనిపోయి, తరువాత మర్యాదగా తిరిగి పంపిరట! దానికి ప్రతిగా వాష్‌బర్ను ఫారెస్టు దర్జీచేతనే ఒక మంచి దుస్తు కుట్టించి పంపెనని చెప్పుదురు. ఇది ఆయనను జీవితాంతము వెంబడించిన పరిహాసకథ. 1872 మొదలు 1874 వఱకు ఆయన విస్కాన్సిన్ గవర్నరుగా నుండి, 1873వ సంవత్సరపు ఎన్నికయం దోడిపోయెను. ఆ యోటమి మరవ్యాపారమునకు మేలయ్యెను.

ఇక గోధుమ సంగతి. యుద్ధానంతరము 1866లో ఆయన ఆ కాలువ యొడ్డున ఒక పెద్ద పిండిమరను కట్టించెను. అంతటి పిండిని కొనువారెవ్వరు, ఇది వాష్‌బర్ను పిచ్చి యని ఊరివారు నవ్విరి. వారి నవ్వునకు కారణము లేకపోలేదు. ఆ ప్రాంతమున చలి మిక్కిలి ప్రబలము. శీతాకాలమునకు ముందు విత్తిన గోధుమ మంచులో చచ్చును. కావున వసంతమున విత్తి ఎండకాలాంతమున కోయు గోధుమయే అచ్చట పండును. ఈ గోధుమగింజ గట్టిది, దాని పైపొట్టు పెళుసుది. పాతపద్ధతిని తిరుగలిరాళ్లను దగ్గఱగా బిగించి అతివేగముగా త్రిప్పి ఒక్క పర్యాయముననే విసరినచో, పొట్టు పొడియై పిండిలో గలసి పిండి మచ్చలుపడును. రాళ్ల వేడికి పిండి కమరి త్వరగా చెడును. అందుచే మినియాపొలిసు పిండికి తూర్పు బజారులలో తక్కువ ధర. అయితే ఆ గింజలో జిగురు హెచ్చు. జిగురు హెచ్చైన పిండి రొట్టెకు శ్రేష్ఠము. గుణము లోపలనుండగా ధర బయట పడిపోవుచుండెను.

పిండి కాక, పొట్టు కాక నడుమ నిలుచు గరుకుభాగము గలదు. మనము రవ్వ యనుచున్నది ఇదియే. పూర్వపు మరలవారు దీనిని హీనముగా నెంచి చవుకగా నమ్ముచుండిరి. వాస్తవముగా గింజయొక్క సారమంతయు ఇందే యున్నది. రవ్వనుండి పొట్టుతునుకలను వేఱుచేయగలిగినచో దానిని తిరిగి విసరి మేలైన పిండి చేయవచ్చును. ఫ్రాన్సుదేశమున ఈ పని జరుగుచుండెను. ఫ్రెంచి మరకారుల కుటుంబమునకు చెందిన లాక్రా అను నాతడు మినెసోటాకు వచ్చి, వాష్‌బర్ను మరలో ఆయన నిర్వాహకుడు జార్జి క్రిస్టియన్ ప్రోత్సాహమున 1870–71 ప్రాంతమున ఒక యంత్రమును తయారుచేసెను. పట్టుబట్ట జల్లెడపై రవ్వ కదలుచుండగా క్రిందనుండి గాలి వీచును. తేలికయైన పొట్టు ఎగిరిపోవును, బరువైన రవ్వ నిలుచును. మన యిండ్లలో స్త్రీలు చేటతో చెఱుగుట నెఱిగినవారికి ఈ యంత్రపు మర్మము వేఱుగ బోధింప బనిలేదు. దీనికి స్మిత్తు అను వేఱొక మరకారుడు మెఱుగులు దిద్దెను. పోటీదారైన చార్లెసు పిల్స్‌బరీ ఆ స్మిత్తునే తన మరకు రప్పించుకొనెను. పనివాడు చేయిమాఱిన రహస్యమును చేయిమాఱునని మన మరల యజమానులకును తెలిసినదే. మొదట ఊహించిన లాక్రా పేరు నేడు గ్రంథములందు మాత్రమే మిగిలియున్నది.

ఈ క్రొత్తపద్ధతిచేత మినియాపొలిసు పిండి ఒక్కసారిగా దేశమున ఉత్తమమైనదిగా గణింపబడెను. ధర పెరిగెను, లాభము పొంగెను. 1874లో వాష్‌బర్ను తన పాతమర ప్రక్కనే ఏడంతస్తులకు పైబడిన రాతికట్టడమును లేపి దానికి ఏ మిల్లు అని పేరు పెట్టెను. అది దేశమునందెల్ల పెద్ద పిండిమర. 1877లో జాన్ క్రాస్బీ భాగస్వామిగా చేరుటచే వాష్‌బర్ను–క్రాస్బీ కంపెనీ యేర్పడెను. ఆ సంవత్సరమే విలియం డన్‌వుడీ అను నాతని ఇంగ్లండునకు పంపి, నడుమ దళారులు లేకుండ అచ్చటి వర్తకులకు నేరుగా పిండి నమ్ము ఏర్పాటు చేసిరి.

నీరు యంత్రమును త్రిప్పును గాని గింజను తేలేదు, పిండిని కొనిపోలేదు. మర నిజముగా నడచినది రైలుమీద. చికాగో–మిల్వాకీ–సెయింటుపాలు రైల్వేవారి గూడ్సుయార్డు మిల్లులపేటను ఆనుకొనియే యుండెను. ఆ యార్డునుండి పట్టాలు చీలి మిల్లుల గోడల వెంబడిని, నదివైపున ఎత్తైన కొయ్యవంతెనలపైని సాగి, ఒక్కొక్క మిల్లు వాకిటను వాగనును నిలుపుచుండెను. దూరపు మైదానములనుండి వచ్చిన గోధుమ వాగనునుండి గోతిలో పడి, బకెట్లుగల పట్టీలచేత పైయంతస్తునకు చేరి, అంతస్తు వెంట అంతస్తు దిగుచు శుభ్రమై, నలిగి, జల్లింపబడి, పీపాలకెక్కి, తిరిగి వాగనులోనికే పోవుచుండెను. ఒక పీపాకు 196 పౌనులు లెక్క. గింజ వచ్చిన పట్టామీదనే పిండి వెడలుట మరకు గొప్ప సౌకర్యము. కాని పట్టా ఎవరిదో వాడే యజమాని యనుట మరకు గొప్ప ప్రమాదము. రైల్వే కంపెనీలు చికాగో, మిల్వాకీ నగరముల వర్తకులకు అనుకూలముగా కిరాయిలు నిర్ణయించి, మినియాపొలిసువారిని నలుపుచుండెను. దీనికి విఱుగుడుగా 1870లో మరల యజమానులు తామే పూనుకొని మినియాపొలిసు–సెయింటులూయీ రైల్వేను ప్రారంభించిరి. దానికి విలియం వాష్‌బర్ను ముఖ్యుడు. పిదప 1883లో అతడే ముందు నిలిచి, చికాగో మొగము చూడకుండ తూర్పునకు పోవుటకై, నేడు సూలైను అని ప్రసిద్ధమైన మార్గమును మొదలిడించెను. కిరాయిరేట్ల విషయమై అర్జీలు వ్రాసి వ్రాసి విసిగిన మన వర్తకసోదరులు ఈ సంగతిని చదివి నిట్టూర్తురేమో! అర్జీ వ్రాయుటకు బదులు రైలుమార్గమే వేయగల ధనము వారికుండెను, అంతే.

ఇప్పుడు చెప్పబోవునది దుఃఖకరమైన భాగము. 1878 మే నెల 2వ తేదీ గురువారము. ప్రొద్దుటి కూలీలు పని ముగించి యిండ్లకు పోయిరి. రాత్రి కూలీలు పదునలువురు ఏ మిల్లులో ప్రవేశించిరి. సాయంకాలము ఏడుగంటల ప్రాంతమున ఆ మహాభవనము భూకంపము వచ్చినట్లు కంపించి, పైకప్పు ఆకాశమున కెగిరి, రాతిగోడలు నేలమట్టమయ్యెను. లోపలనున్న పదునలువురిలో ఒక్కడైనను బ్రదుకలేదు. వెంటనే ప్రక్కనున్న హంబోల్టు, డైమండు మిల్లులు కూలెను. మంటలు మఱికొన్ని మిల్లులను దహించెను. ప్రక్క మిల్లులలో మఱి నలువురు మరణించిరి. మొత్తము పదునెనమండుగురు. ఆ ధ్వని పది మైళ్ల దూరముననున్న సెయింటుపాలు నగరమున వినబడెను. నగరపు పిండి ఉత్పత్తిలో మూడవవంతునకు తక్కువకాని భాగము ఒక్క సాయంకాలమున బూడిదయ్యెను. యార్డులో నిలిచిన రైలుపెట్టెలు సయితము కాలిపోయెను.

మొదట ఎవ్వరికిని కారణము తెలియలేదు. నైట్రోగ్లిసరిను దాచిరని కొందఱు వదంతి పుట్టించిరి. విచారణ జరుగునప్పుడు మినెసోటా విశ్వవిద్యాలయమునకు చెందిన పెక్హాము, పెక్కు అను నిరువురు ఆచార్యులు ఒక పెట్టెలో పిండిదుమ్మును గాలితిత్తితో లేపి లోపల దీపము నుంచి చూపిరి. పెట్టె మూత ఎగిరిపడెను. కుప్పగా పోసినచో అంటుకొనుటకే బద్ధకించు పిండి, గాలిలో పొడిపొడిగా తేలినప్పుడు తుపాకిమందువలె పేలునని అందఱును కన్నులార చూచిరి. గింజ చాలక ఒట్టిగా తిరుగుచుండిన రెండు రాళ్లు ఒరసికొని నిప్పురవ్వ రాల్చెననియు, అది దుమ్ముగొట్టములోని దుమ్ము నంటుకొనెననియు తేల్చిరి.

ఇందు మేము గమనింప గోరునది యొకటి గలదు. రవ్వను శుభ్రపఱచు గాలియే ఆ దుమ్మును మర యంతటను నింపినది. అనగా, ఏ యంత్రము వాష్‌బర్ను పిండికి పేరు తెచ్చి, ఆయన పెట్టె నింపెనో, ఆ యంత్రమే ఆ మృత్యువును గోడగోడకును పూసి యుంచెను. పూర్వము మరలలో చిన్న చిన్న పేలుళ్లు జరుగకపోలేదు. ఎవ్వరును లక్ష్యపెట్టలేదు. ఆయన గొప్ప యజమానుడే గాని, మర ప్రక్కన నివసించు యజమానుడు కాడు. విస్కాన్సిన్‌లో నుండి నిర్వాహకులచేత పని నడిపించుచుండెను. మర గాలిని ప్రతిదినము పీల్చువారు వేఱు. ఇది నేరారోపణము కాదు. ఆనాటి శాస్త్రజ్ఞులకే స్పష్టముగా తెలియని సంగతి యజమానునకు తెలియలేదనుట న్యాయమే. కాని చరిత్ర వ్రాయువారు లాభమును మాత్రము యజమానుని బుద్ధికుశలతకు కట్టి, నష్టమును మాత్రము దైవమున కంటగట్టుట మాకు సమ్మతము కాదు.

వాష్‌బర్ను మినియాపొలిసు చేరి శిథిలములను చూచి, మఱింత పెద్దమరను కట్టింతునని ప్రకటించెను. అప్పటి కాయనకు అఱువదేండ్లు. వియన్నాలో జన్మించిన విలియం డి లా బారు అను ఇంజనీరు దుమ్మును పీల్చి పట్టుకొను యంత్రమును తెచ్చి ఆయనకు చూపెను. ఆయన అతని పనిలోనికి తీసికొనుటయేకాక, హంగేరీదేశపు బుడపెస్టు నగరమునకు పంపెను. అచ్చటి మరలలో రాళ్లకు బదులు లోహపు రోలర్ల నడుమ గోధుమను మెల్లమెల్లగా అనేక విడతలుగా నలుపు పద్ధతి గలదు. బయటివారిని లోనికి రానీయరు. డి లా బారు కూలివాని వేషమున ప్రవేశించి చూచినదానిని మనస్సున పెట్టుకొని వచ్చి బొమ్మలు గీసెనని చెప్పుదురు. ఇది దొంగతనమా, విద్యార్జనమా యని చదువరులే తేల్చుకొందురు గాక! మొత్తమునకు 1880లో క్రొత్త ఏ మిల్లు లేచి నిలిచెను. రాళ్లు పోయి ఉక్కురోలర్లు వచ్చెను. రోలర్లు రాళ్లవలె వేడెక్కవు, నిప్పు రాల్చవు. దుమ్మును పట్టు యంత్రములు ప్రతి అంతస్తునను అమర్చబడెను. ఆ సంవత్సరమే సిన్సినాటి నగరమున జరిగిన అంతర్జాతీయ మరకారుల ప్రదర్శనమున వాష్‌బర్ను–క్రాస్బీ వారి పిండి స్వర్ణ, రజత, కాంస్య పతకములను మూటిని గెలిచెను. గోల్డుమెడలు పిండి యను పేరు అప్పుడు పుట్టినదే. ఆ మర తన యుచ్చదశయందు దినమునకు నూరు రైలుపెట్టెలకు మించిన గోధుమను విసరుచుండెను. 1881లో పిల్స్‌బరీవారు ఎదుటి యొడ్డున ఇంకను పెద్దమరను కట్టిరి. 1880 మొదలు సుమారు ఏబదియేండ్లు మినియాపొలిసు ప్రపంచమున కెల్ల పిండి రాజధానియై వెలసెను.

ఇంతటి యైశ్వర్యమున ఆయనకు ఇంటిసుఖము లేదు. 1849లో జెనెట్ గారు అను కన్యను వివాహమాడెను. ఇద్దఱు కుమార్తెలు కలిగిరి. రెండవ కాన్పు తరువాత ఆమెకు మతిచాంచల్యము సంభవించి, ఎన్నటికిని కుదురలేదు. శేషజీవితమంతయు ఆమె వైద్యాలయముననే గడపెను. భర్త గతించిన పిదపను పెక్కుసంవత్సరములు బ్రదికి యుండెను. ఆయన తిరిగి వివాహమాడలేదు, విడాకులు కోరలేదు. మూడుపదులయేండ్లు కుటుంబములేని గృహస్థుగా రైళ్లలోను హోటళ్లలోను సోదరుల యిండ్లలోను కాలము పుచ్చెను. ఎడతెగని వ్యాపారయాత్రలకు ఆశ యొక్కటియే కారణమని మేము చెప్పజాలము.

ధర్మకార్యములు కొన్ని గలవు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు ఖగోళ పరిశోధనాలయమును కట్టించి యిచ్చెను. దాని దుర్బీను అద్దము వ్యాసము 15.6 అంగుళములు. హార్వర్డువారి 15 అంగుళములకంటె కొంచెము పెద్దదిగా నుండవలెననుట దాతకు గల ముచ్చట. 1881లో మాడిసను నగరమునందలి తన ఎడ్జివుడ్ భవనమును, తాను ఆ మతశాఖకు చెందినవాడు కాకున్నను, కాథలిక్కు సన్న్యాసినుల విద్యాసంస్థకు దానమొసగెను. లాక్రాసు నగరమునకు గ్రంథాలయమును ఏర్పాటు చేసెను. 1881లోనే పక్షవాతము తగిలి, ఆరోగ్యమునకై పోయిన ఆర్కాన్సా రాష్ట్రపు యురేకా స్ప్రింగ్సు అను నూరిలో 1882 మే నెలలో మరణించెను. లాక్రాసులో సమాధి చేసిరి.

మరణశాసనములో నున్న యొక యంశమును ఇచ్చట తప్పక చెప్పవలెను. మినియాపొలిసులో అనాథశరణాలయమునకై 3,75,000 డాలర్లు విడిచెను. పదునాలుగేండ్లకు లోబడిన బిడ్డ యెవ్వరైనను జాతి, వర్ణము, మతము, ఆడ మగ యను భేదము పాటింపక చేర్చుకొనవలెనని విధించెను. ఏ మిల్లు పేలుడులో తండ్రులను గోల్పోయిన పసివాండ్ర తలపే దీనికి మూలమని పలువురందురు. ఆయన మనస్సులోని మాట నెవ్వరు చూచిరి? కాలక్రమమును చూచినచో మాత్రము ఆ యూహ అసంగతముగా దోచదు. సంఘముల పేర వసతిగృహములు, అన్నసత్రములు నడపు మన పోషకులు ఈ షరతును రెండుసార్లు చదువవలెనని మా ప్రార్థన. ఆ సంస్థ రూపము మాఱి, బాలబాలికల మానసిక వైద్యశాలగా వాష్‌బర్ను పేరుతోనే నేటికిని నడచుచున్నది.

పిండికంపెనీ 1928లో మఱికొన్ని మరలతో గలసి జనరల్ మిల్సు అను పేరు దాల్చెను. నదిబలమునకు బదులు విద్యుచ్ఛక్తి, రైలుకిరాయిలలో మార్పులు, కొత్త రేవుపట్టణములు వచ్చుటచే పిండిపరిశ్రమ క్రమముగా బఫెలో మొదలగు చోట్లకు తరలెను. 1965లో ఏ మిల్లు మూతపడెను. గూడ్సుయార్డు పట్టాలును కాలక్రమమున తొలగిపోయెను. 1991లో ఆ పాడుబడిన మర అగ్నికి ఆహుతియై గోడలు మాత్రము మిగిలెను. 2003లో ఆ గోడల నడుమనే మిల్లు సిటీ మ్యూజియము తెఱవబడినది. రైలుపెట్టెలు నిలిచిన దారి అచ్చట నేటికిని కానవచ్చుచున్నది. పదునెనమండుగురు మరకూలీల పేర లేక్‌వుడ్డు శ్మశానవాటికయందు ఒక రాతిస్తంభము నిలువబెట్టియున్నారు.